ప్లీహంలో చీముగడ్డ: నిర్ధారణ, చికిత్స మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లీహంలో చీముగడ్డ అంటే ఏమిటి? అంత అరుదైన జబ్బా?

ప్లీహం పొట్టలో ఎడమవైపు పైభాగాన, 9, 10, 11 పక్కటెముకల చాటున ఉంటుంది. పల్లెల్లో దీన్నే బల్ల అంటారు. పెద్దవాళ్లలో మామూలుగా 150 గ్రాముల బరువు తూగుతుంది. రక్తాన్ని వడకట్టి, పాతబడ్డ ఎర్రకణాలను తీసేసి, రక్తంలో తిరిగే సూక్ష్మజీవులను పట్టి చంపడం దాని పని. చంపే పని అంత బాగా చేస్తుంది కాబట్టే అందులో చీము పట్టడం అరుదు. పోస్టుమార్టం పరిశీలనల్లో 0.14 నుంచి 0.7 శాతం మందిలోనే కనిపించింది.

చిక్కంతా ఆ అరుదుతోనే. ఎప్పుడో గాని ఎదురుపడని జబ్బు కాబట్టి చూసే డాక్టరుకు వెంటనే తట్టదు. తట్టేసరికి రోగి రెండు మూడు వారాల జ్వరంతో నీరసించి ఉంటాడు. వైద్యం లేకుండా వదిలేస్తే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. వేళకు పట్టుకుని, ఏ సూక్ష్మజీవో తేల్చి, చీము బయటికి తీస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

ఎవరికి వస్తుంది?

ఎక్కువగా రక్తం ద్వారానే వస్తుంది. శరీరంలో ఇంకెక్కడో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసి ప్లీహంలో తిష్ఠ వేస్తుంది. గుండె కవాటాల మీద సూక్ష్మజీవులు పెరిగే ఎండోకార్డైటిస్ ఇందులో ముఖ్యమైనది. కవాటం మీది ముక్క ఊడి, ప్లీహానికి వెళ్లే రక్తనాళంలో ఇరుక్కుంటే ఆ భాగానికి రక్తం అందక చచ్చుబడుతుంది. తర్వాత అక్కడే చీము పడుతుంది. సికిల్ సెల్ జబ్బులోనూ ఇలాగే జరుగుతుంది. వంకర తిరిగిన ఎర్రకణాలు సన్న నాళాలను మూసేస్తాయి, చచ్చుబడ్డ చోట సాల్మొనెల్లా (టైఫాయిడ్ జాతి బ్యాక్టీరియా) చేరుతుంది. విశాఖ మన్యం, ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి, అక్కడి పిల్లలకు జ్వరంతో పాటు ఎడమ డొక్కలో నొప్పి వస్తే ఈ ఆలోచన ముందే రావాలి.

అదుపులో లేని షుగరు, టైఫాయిడ్, క్షయ, హెచ్‌ఐవీ, కీమోథెరపీ, అవయవ మార్పిడి తర్వాతి మందులు కూడా దారి తీస్తాయి. దెబ్బ తగిలి ప్లీహంలో రక్తం గడ్డకట్టి ఉంటే అది వారాల తర్వాత చీముగా మారవచ్చు. పక్కనే ఉన్న క్లోమం తోక, పెద్దపేగు, ఎడమ కిడ్నీల నుంచి ఇన్ఫెక్షన్ పాకి రావడమూ ఉంది, కానీ తక్కువ.

లక్షణాలు ఎలా ఉంటాయి?

జ్వరం దాదాపు అందరికీ ఉంటుంది, తరచూ చలి, వణుకుతో. ఎడమ పక్కటెముకల కింద నొప్పి సగం మందికి పైగా చెబుతారు. ప్లీహం పైభాగంలో గడ్డ ఉంటే డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) రేగి ఎడమ భుజం లాగుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, గట్టిగా ఊపిరి తీస్తే గుచ్చుకుంటుంది. భుజం నొప్పికని ఎముకల డాక్టరు దగ్గరికి, దగ్గుకని ఛాతీ డాక్టరు దగ్గరికి తిరిగి ఆలస్యమైనవాళ్లు ఇలాంటివాళ్లే. ప్లీహం లోపల ఎక్కడో గడ్డ ఉంటే నొప్పి అసలు ఉండకపోవచ్చు. జ్వరం, బరువు తగ్గడం మాత్రమే కనిపిస్తాయి. చేత్తో చూస్తే ప్లీహం తగలాలని లేదు, సగం మందిలో తగలదు.

టైఫాయిడ్ అని మందులు వాడుతున్నాం, జ్వరం తగ్గట్లేదు. ఎప్పుడు అనుమానించాలి?

ముందు ఒక సంగతి. వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని తేలిపోదు. టైఫాయిడ్ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పాత ఇన్ఫెక్షన్ వల్ల, టీకా వల్ల, ఇతర జ్వరాల వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. నమ్మదగినది రక్తం కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష.

నిజంగా టైఫాయిడే అయి, సరైన మోతాదులో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పడుతుంటే, జ్వరం సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో దిగుతుంది. వారం దాటినా దిగకపోయినా, దిగి మళ్లీ వచ్చినా పొట్ట స్కాన్ చేయించాలి. మందు మార్చి ఇంకో వారం చూద్దాం అన్న మాట ఇక్కడ ప్రమాదకరం. షుగరు ఉన్నవాళ్లు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, గుండె కవాటం జబ్బు ఉన్నవాళ్లు ఆ వారం కూడా ఆగకూడదు.

ముందుగా ఏ పరీక్షలు చేయించాలి?

అన్నిటికన్నా ముందు రక్తం కల్చర్, అదీ మొదటి యాంటీబయాటిక్ పడకముందు. ఈ ఒక్క పని సరిగా జరిగితే తర్వాతి ఆరు వారాల వైద్యం సగం తేలికవుతుంది. పెద్దవాళ్లకు రెండు లేదా మూడు సెట్లు వేర్వేరు నరాల నుంచి తీయాలి. ఒక్కో సెట్‌కు రెండు సీసాలు, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. రక్తం. ఒకే సీసాలో 3 మి.లీ. పోసి పంపితే నెగెటివ్ వచ్చినా దానికి విలువ లేదు. చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, కనీసం 30 సెకన్లు ఆరనివ్వాలి. సీసా రబ్బరు మూతను కూడా స్పిరిట్‌తో తుడవాలి. ఆ మూత శుభ్రంగానే ఉంటుందనుకుని వదిలేయడంతో చర్మం మీది సూక్ష్మజీవులు కల్చర్‌లో పెరిగి అందరినీ తప్పుదారి పట్టిస్తాయి. తీసిన సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది ఉష్ణోగ్రతలోనే ల్యాబ్‌కు చేర్చాలి.

వీటితో పాటు రక్తకణాల లెక్క, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది), క్రియాటినిన్ (కిడ్నీల పనిని చూపేది), లివర్ పరీక్షలు, షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), హెచ్‌ఐవీ, ప్రోథ్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం) అవసరం. సికిల్ సెల్ అనుమానం ఉంటే సికిలింగ్ పరీక్ష, దాన్ని ఖరారు చేయడానికి హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు తేల్చే పరీక్ష). గుండెకు ఎకో అందరికీ చేయాలి. పైనుంచి చేసే ఎకోలో ఏమీ కనబడకపోయినా అనుమానం బలంగా ఉంటే అన్నవాహిక ద్వారా చేసే ఎకో చేయించాలి.

ఛాతీ ఎక్స్‌రే చవకైనదే అయినా చాలా చెబుతుంది. ఎడమ డయాఫ్రమ్ పైకి లేచి ఉండటం, ఎడమ ఊపిరితిత్తి అడుగున నీరు చేరడం కనిపిస్తే, న్యుమోనియా అని సరిపెట్టుకోకుండా డయాఫ్రమ్ కింద ఏముందో చూడాలి.

అల్ట్రాసౌండ్ సరిపోతుందా? సీటీ తప్పదా?

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం సరైనదే. తక్కువ ఖర్చు, మంచం దగ్గరే చేయొచ్చు, రేడియేషన్ లేదు. అయితే పక్కటెముకలు, పేగులోని గాలి, ఊపిరితిత్తి అడ్డొచ్చి ప్లీహం పైభాగం సరిగా కనబడదు. అనుమానం ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ నార్మల్ అని వచ్చినా కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే స్కాన్) చేయాల్సిందే. గడ్డ సైజు, గదులుగా విడిపోయిందా, ఎన్ని ఉన్నాయి, పక్క అవయవాలకు పాకిందా, సూది ఏ దారిన వెళ్లాలి అన్నవన్నీ అందులో తేలతాయి.

కాంట్రాస్ట్ ఇచ్చాక ఎప్పుడు బొమ్మ తీశారన్నది ముఖ్యం. మొదటి 30 సెకన్లలో ఆరోగ్యమైన ప్లీహం కూడా చారలు చారలుగా కనిపిస్తుంది, దాన్ని జబ్బనుకునే ప్రమాదం ఉంది. సుమారు 70 సెకన్లకు తీసిన పోర్టల్ వీనస్ ఫేజ్ (కాంట్రాస్ట్ సిరల్లోకి చేరిన దశ) చూసే నిర్ణయించాలి. క్రియాటినిన్ ఎక్కువగా ఉండి కాంట్రాస్ట్ ఇవ్వలేకపోతే ఎంఆర్‌ఐ ఉంది.

రిపోర్టులో 'హైపోడెన్స్ లీజన్' అని రాశారు. అది చీముగడ్డేనా?

కాకపోవచ్చు. ఆ మాటకు అర్థం చుట్టూ ఉన్న ప్లీహం కన్నా నల్లగా కనబడిందని మాత్రమే. చుట్టూ అంచు మెరుస్తూ, మధ్య భాగం కాంట్రాస్ట్ తీసుకోకుండా ఉంటే చీముగడ్డ వైపు మొగ్గుతాం. లోపల గాలి బుడగలుంటే దాదాపు ఖాయం, కాని అవి కొద్దిమందిలోనే కనిపిస్తాయి. అంచు నుంచి లోపలికి ముక్కోణంలా ఉంటే రక్తం అందక చచ్చుబడిన భాగం కావచ్చు. అది తర్వాత చీము పట్టే వీలుంది కాబట్టి జ్వరం ఉన్నంతకాలం మళ్లీ స్కాన్ తీసి చూడాలి.

నెలల తరబడి జ్వరం, బరువు తగ్గడం, పొట్టలో గ్రంథులు వాయడం ఉండి సన్నటి మచ్చలు అనేకం ఉంటే క్షయ, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రెండూ ఆలోచించాలి. కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు కోలుకునే సమయంలో జ్వరం తిరగబెట్టి, కాలేయంలోనూ ప్లీహంలోనూ చిన్నచిన్న మచ్చలు కనబడితే కాండిడా ఫంగస్. ఇక గొర్రెల పెంపకం ఉన్న రాయలసీమ లాంటి చోట్ల హైడాటిడ్ తిత్తిని (ఎకినోకాకస్ అనే పురుగు వల్ల వచ్చే నీటితిత్తి) మరవకూడదు. దాన్ని చీముగడ్డ అనుకుని ముందు జాగ్రత్తలేమీ లేకుండా సూది గుచ్చితే లోపలి నీరు చిమ్మి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. తిత్తి గోడ, లోపలి పిల్ల తిత్తులు అనుమానం కలిగిస్తే ఎకినోకాకస్ యాంటీబాడీ పరీక్ష చేశాకే సూది.

మెలియాయిడోసిస్ గురించి ప్రత్యేకంగా ఎందుకు చెబుతారు?

మన వాతావరణానికి, మన పనులకు అతికినట్టు సరిపోయే జబ్బు ఇది, పైగా ప్లీహాన్ని బాగా ఇష్టపడుతుంది. బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా తడి నేలలో, బురద నీటిలో బతుకుతుంది. వానాకాలంలో, చెప్పులు లేకుండా వరిమళ్లలో దిగేవాళ్లకు, అందులోనూ షుగరు ఉన్నవాళ్లకు, ఎక్కువగా మద్యం తాగేవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు సోకుతుంది. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల సమయంలో ఈ పేరు వార్తల్లోకి వచ్చింది.

సీటీలో ప్లీహం నిండా చిన్న గడ్డలు, కొన్నిసార్లు తేనెపట్టులా గదులు గదులుగా కనిపిస్తాయి. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మగవాళ్లలో ప్రోస్టేట్‌లో కూడా చీము ఉండొచ్చు. అందుకే స్కాన్ కటిభాగం దాకా తీయాలి.

అసలు సమస్య ల్యాబ్‌లో ఎదురవుతుంది. ఈ బ్యాక్టీరియాను సూడోమోనాస్ అని రాసి పంపేయడం తరచూ జరిగే పొరపాటు. యంత్రాలు కూడా ఒక్కోసారి దీన్ని బర్ఖోల్డేరియా సెపేసియాగా చూపిస్తాయి. ప్లేటు మీద మొదటి రోజు గుర్తుపట్టేంత తేడా ఉండదు. మూడు నాలుగు రోజులు ఆగితే కాలనీలు ఎండిపోయినట్టు ముడతలు పడతాయి. జెంటామైసిన్‌కు, కోలిస్టిన్‌కు లొంగకుండా కో అమాక్సిక్లావ్‌కు లొంగే ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా వస్తే, రిపోర్టులో ఏ పేరున్నా ముందు మెలియాయిడోసిస్ అనే అనుకోవాలి. శాంపిల్ పంపేటప్పుడే ఫారం మీద 'మెలియాయిడోసిస్ అనుమానం' అని రాస్తే ల్యాబ్‌వాళ్లు యాష్‌డౌన్ అగర్ (ఈ బ్యాక్టీరియాను పెంచే ప్రత్యేక ప్లేటు) మీద వేసి చూస్తారు, తమ జాగ్రత్తలో తాము ఉంటారు.

ఏ యాంటీబయాటిక్స్, ఎన్నాళ్లు?

కింద చెప్పినవి కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ల మోతాదులు. క్రియాటినిన్, బరువు, అలర్జీలను బట్టి డాక్టర్లు మారుస్తారు, సొంతంగా వాడేవి కావు.

కల్చర్ రాకముందు సాధారణంగా పైపెరాసిలిన్ టాజోబాక్టమ్ 4.5 గ్రాములు 6 నుంచి 8 గంటలకోసారి, లేదా సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు, దానికి తోడు మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. 8 గంటలకోసారి ఇస్తారు. స్టెఫైలోకాకస్ అనుమానం, అంటే ఎండోకార్డైటిస్, చర్మం మీద గడ్డలు, డయాలిసిస్ పైపు లాంటివి ఉంటే వాంకోమైసిన్ చేరుస్తారు. పైపెరాసిలిన్ టాజోబాక్టమ్‌కు గాని మెరోపెనెమ్‌కు గాని మెట్రోనిడజోల్ జత చేయడం చాలావరకు అనవసరం, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా మీద అవే పనిచేస్తాయి.

పేరు తెలిశాక దానికి సరిపోయే మందుకే పరిమితం కావాలి. మామూలు బ్యాక్టీరియా అయితే మొత్తం 4 నుంచి 6 వారాలు, చీము పూర్తిగా బయటికొచ్చి స్కాన్ మెరుగుపడేదాన్ని బట్టి. మెలియాయిడోసిస్‌కు మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకోసారి, లేదా సెఫ్టాజిడిమ్ 2 గ్రాములు 6 నుంచి 8 గంటలకోసారి నరంలోకి ఇస్తారు. లోపలి అవయవాల్లో గడ్డలున్నప్పుడు ఇది కనీసం 4 వారాలు సాగాలి. ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు కనీసం 3 నెలలు. 60 కిలోలు దాటినవాళ్లకు డబుల్ స్ట్రెంగ్త్ మాత్రలు పూటకు రెండు, రోజుకు రెండుసార్లు. జ్వరం పోయిందని మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ మాత్రలు వాడేటప్పుడు మొదటి వారాల్లో ప్రతి వారం రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం చూడాలి. మన షుగరు రోగుల్లో ఎంతోమంది బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుంటారు, రెండూ కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి.

కాండిడాకు కాస్పోఫంగిన్ లాంటి మందుతో గాని లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌తో గాని మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత ఫ్లూకోనజోల్‌కు మారుస్తారు. స్కాన్‌లో మచ్చలు మాయమయ్యేదాకా నెలల తరబడి వాడాలి. ఇలాంటి సన్న మచ్చల్లో పైపు వేసేందుకు ఏమీ ఉండదు. క్షయ అయితే మామూలు టీబీ మందులే, తక్కువలో తక్కువ 6 నెలలు.

చీమును సూదితో తీసేయొచ్చా, ఆపరేషన్ లేకుండా?

చాలామందిలో తీయొచ్చు. గడ్డ ఒకటో రెండో ఉండి, లోపల ఒకే గదిగా ఉండి, చీము పల్చగా ఉండి, ప్లీహం అంచుకు దగ్గరగా ఉంటే ఇదే మొదటి ఎంపిక. ప్లీహం దక్కుతుంది, దాంతో జీవితాంతపు ఇన్ఫెక్షన్ భయమూ తప్పుతుంది. 3 నుంచి 4 సెం.మీ. లోపు గడ్డను సూదితో పీల్చేసి చూస్తారు, అవసరమైతే మళ్లీ పీలుస్తారు. అంతకన్నా పెద్దదైతే పిగ్‌టెయిల్ పైపు (కొన మెలితిరిగి ఉండే సన్న పైపు) పెడతారు.

ముందుగా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయపు కొలత) 1.5 కన్నా తక్కువ, ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉండేలా చూస్తారు. అల్ట్రాసౌండ్ లేదా సీటీ చూసుకుంటూ చర్మానికి, లోపలి పొరకు మత్తిచ్చి, 18 గేజ్ సూదిని గడ్డలోకి పంపుతారు. చీము వచ్చిందని చూశాక వైరు, వైరు మీదుగా దారి వెడల్పు చేసి 8 నుంచి 12 ఫ్రెంచ్ (పైపు మందం కొలత) పైపు. మంచి ప్లీహం గుండా వెళ్లే దూరం ఎంత తక్కువైతే రక్తస్రావం భయం అంత తక్కువ. ప్లీహం మొదట్లో పెద్ద రక్తనాళాలున్న వైపు పోకూడదు. వీలైనంత కిందినుంచి వెళ్లాలి. పైనుంచి వెళ్తే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర తెగి, గాలి గాని చీము గాని ఛాతీలోకి చేరుతుంది. పెద్దపేగు మలుపు కూడా అక్కడే ఉంటుంది.

వచ్చిన చీమును ఏం చేస్తారన్నది పైపు వేయడమంత ముఖ్యం. దూది పుల్లకు అంటించి పంపితే చాలదు. కనీసం 5 నుంచి 10 మి.లీ. సిరంజిలోనే తీసుకుని, గాలి బయటికి నెట్టి, మూత బిగించి వెంటనే పంపాలి. గ్రామ్ స్టెయిన్, గాలి ఉన్న, లేని కల్చర్లు, ఫంగస్, టీబీ స్మియర్, సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష) అన్నీ ఫారంలో రాయాలి. ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేస్తే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయి కల్చర్‌కు పనికిరాదు.

పైపు ఉన్నప్పుడు ఏం చూసుకోవాలి?

మూడు దారుల స్టాప్‌కాక్ ద్వారా 8 నుంచి 12 గంటలకోసారి 5 నుంచి 10 మి.లీ. శుభ్రమైన సెలైన్ నెమ్మదిగా లోపలికి పంపి, అంతే మొత్తం వెనక్కి వచ్చిందా చూడాలి. బలంగా తోయకూడదు, ఒత్తిడికి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లి వణుకు జ్వరం వస్తుంది. రోజువారీ లెక్కలోంచి పంపిన సెలైన్ తీసేసి రాయాలి. ఇది మరిచిపోతే 30 మి.లీ. సెలైన్‌నే 30 మి.లీ. చీము అనుకుని పైపు రోజుల తరబడి ఉంచుతారు.

ఉన్నట్టుండి రావడం ఆగిపోతే గడ్డ మానిందని సంతోషించే ముందు పైపు మెలిక పడిందా, జరిగిందా, మూసుకుందా చూడాలి. జ్వరం ఉంటూ పైపు పొడిగా ఉంటే స్కాన్ తీయాల్సిందే. జ్వరం లేకుండా, రోజుకు 10 నుంచి 20 మి.లీ. కన్నా తక్కువ వస్తూ, స్కాన్‌లో గడ్డ కుదించుకుపోయాకే పైపు తీస్తారు. ఎర్రటి తాజా రక్తం వస్తే నర్సును వెంటనే పిలవండి.

ప్లీహం తీసేయాల్సింది ఎప్పుడు?

గడ్డ పగిలి పొట్టంతా చీము పాకినప్పుడు, రక్తస్రావం అవుతున్నప్పుడు, గదులు గదులుగా విడిపోయి పైపుకు లొంగనప్పుడు, ప్లీహం చాలావరకు చచ్చుబడినప్పుడు. పైపు వేసి, సరైన మందు పడుతూ, 2 నుంచి 4 రోజుల్లో జ్వరం, తెల్లకణాలు దిగే దారి పట్టకపోతే మళ్లీ స్కాన్ చేసి సర్జన్‌తో మాట్లాడాలి. గంటల్లో బీపీ పడిపోతున్న రోగికి ఆ 2 రోజులు కూడా ఇవ్వకూడదు. చిన్నపిల్లల్లో మాత్రం ప్లీహం నిలబెట్టడానికి ఇంకాస్త ఓపిక పట్టడమే మంచిది.

ఆపరేషన్ తేలిక కాదు. వారాల వాపుతో ప్లీహం డయాఫ్రమ్‌కు, జీర్ణకోశానికి, పెద్దపేగుకు అతుక్కుని ఉంటుంది. క్లోమం తోకకు దెబ్బ తగిలితే దాని రసం కారుతుంది, అనుమానం ఉంటే డ్రెయిన్ నీటిలో అమైలేజ్ (క్లోమరసంలోని ఎంజైమ్) చూస్తారు. తీసిన ప్లీహం మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేసేయకుండా ఒక ముక్కను సెలైన్‌లో కల్చర్‌కు, టీబీ పరీక్షకు పంపాలి. ఆపరేషన్ తర్వాత రోజుల్లో మళ్లీ జ్వరం, కడుపునొప్పి వస్తే డయాఫ్రమ్ కింద కొత్త చీముతో పాటు పోర్టల్ సిరలో (కాలేయానికి రక్తం తెచ్చే సిర) రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్ (రక్తప్రవాహం చూపే స్కాన్) చేయాలి. ప్లేట్‌లెట్లు కొన్ని వారాలు బాగా పెరుగుతాయి, 10 లక్షలు దాటడమూ ఉంది.

గుండె కవాటం కూడా పాడైతే ముందు ఏది?

వీలైతే ప్లీహం సంగతి ముందు తేల్చి, తర్వాత కవాటం మార్చాలి. చీము అలాగే ఉంచి కొత్త కవాటం పెడితే దానికీ ఇన్ఫెక్షన్ సోకుతుంది. గుండె వైఫల్యం ముంచుకొస్తే ఈ వరుస మారుతుంది. ఇది కార్డియాలజిస్టు, గుండె సర్జన్, పొట్ట సర్జన్ ఒక్కచోట కూర్చుని తేల్చాల్సిన విషయం.

ప్లీహం తీసేశాక టీకాలు ఎప్పుడు? జాగ్రత్తలేమిటి?

ముందే తెలిస్తే ఆపరేషన్‌కు 14 రోజుల ముందు, అత్యవసరంగా తీస్తే 14 రోజుల తర్వాత. డిశ్చార్జి రోజున ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి, ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. న్యూమోకాకస్ బ్యాక్టీరియాకు న్యూమోకాకల్ కాంజుగేట్ టీకా; వేసింది పీసీవీ20 రకం కాకపోతే 8 వారాల తర్వాత పీపీఎస్‌వీ23 అనే రెండో న్యూమోకాకల్ టీకా. మెనింగోకాకల్ ఏసీడబ్ల్యూవై 8 వారాల తేడాతో రెండు డోసులు, ఇది హజ్ యాత్రికులకు వేసే టీకానే. హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి బ్యాక్టీరియాకు టీకా) ఒక డోసు. ఫ్లూ టీకా ఏటా.

టీకాలు వేయించినా జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్లీహం లేనివారిలో న్యూమోకాకస్ ఉదయం జలుబులా మొదలై రాత్రికి ప్రాణం మీదికి తేవచ్చు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే, డాక్టరు ముందే రాసిచ్చిన యాంటీబయాటిక్ మొదటి డోసు ఇంట్లోనే వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు, ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకు రోజూ పెనిసిలిన్ వీ కూడా రాస్తారు. కుక్క కరిస్తే గాయం చిన్నదైనా రేబిస్ టీకాతో పాటు యాంటీబయాటిక్ కావాలి. ఏజెన్సీకి వెళ్తే దోమతెర, మలేరియా నివారణ తప్పనిసరి. 'నాకు ప్లీహం లేదు' అని రాసిన చీటీ ఆధార్ కార్డుతో పాటు జేబులో ఉంచుకోండి.

ప్లీహం ఉంచి నయం చేశారు. మళ్లీ స్కాన్ ఎప్పటిదాకా?

మొదట్లో వారానికోసారి అల్ట్రాసౌండ్, యాంటీబయాటిక్ ఆపే ముందు ఒకసారి సీటీ లేదా మంచి అల్ట్రాసౌండ్. చిన్న గుంత, మచ్చ నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. జ్వరం లేకుండా, సీఆర్‌పీ మామూలుగా ఉండి, గుంత పెరగకపోతే దాన్ని చూసి మందులు పొడిగించక్కర్లేదు. మందులు ఆపిన మొదటి నెలలో మళ్లీ జ్వరమొస్తే మాత్రం పాత రిపోర్టులు, ముఖ్యంగా కల్చర్ కాగితం పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొత్త యాంటీబయాటిక్ పడకముందు మళ్లీ రక్తం కల్చర్ తీయమనండి.